ఊక పోసిన వాగు

"ఏటొదినా, అన్నయ్యగారి అస్థికలు ఆ కొండవాగులో కలిపేరా? అది సముద్రానికి పోదంట కదా! రాతికింద బొక్కలోకి దూరిపోద్దంట!"

భిలాయి సెక్టార్ ఆరులో పక్క క్వార్టరు సింహాచలమ్మ ఈ మాట అనేసి, టీ గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి కుముదినికి ముద్ద దిగలేదు.

భర్త గురునాథరావు స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ ముందు జీవితమంతా ఒళ్లు కాల్చుకున్న మనిషి. "పోయాకైనా నన్ను చల్లటి నీళ్లలో కలపండర్రా" అని నవ్వేవాడు. కవర్ధా కొండల్లో, పిక్నిక్కులకు వెళ్లే ఆ వాగంటే ఆయనకు ప్రాణం. కొడుకు ఉదయ్‌కుమార్ అక్కడే కలిపాడు. కాస్త దూరం పారాక ఆ వాగు సున్నపురాతి నెర్రెలోకి దిగి మాయమవుతుందని అప్పుడు ఎవరూ చూడలేదు.

సంవత్సరీకం దగ్గరపడింది. యజ్ఞనారాయణ పంతులుగారు నసిగారు. "అనుమానం ఎందుకమ్మా? దర్భలతో బొమ్మ చేసి దహనం చేసేద్దాం. ఆ బూడిద శివనాథ్‌ నదిలో కలిపిద్దాం."

స్టేషనులో ఎవరిని సాగనంపినా, బండి కనుమరుగయ్యాక కూడా ప్లాట్‌ఫారం మీంచి కదలలేని మనిషి కుముదిని. ఆయన్ని రెండోసారి నిప్పుల్లో పెట్టడమా?

బడి మొహం చూడకపోయినా, చేతికందిన కాగితమల్లా చదవడం ఆమెకు అలవాటు. మనవరాలి భూగోళం పుస్తకం తీసి కూడబలుక్కుంది. రాతిలో దూరిన నీరు ఎక్కడో ఒకచోట పైకి ఉబుకుతుందని ఉంది. మర్నాడే కుమ్హారిలోని బియ్యం మిల్లు నుంచి ఊక బస్తా తెప్పించింది.

"అమ్మా, లోగ్ పాగల్ అనుకుంటారు," అన్నాడు ఉదయ్.

"అనుకోనీ. మీ నాన్న ఎటెళ్లారో నాకు తెలియాల."

నెర్రె దగ్గర దోసిళ్లతో ఊక వదిలింది. నల్లటి నోరు గుటుక్కున మింగేసింది. ఇద్దరూ కొండ దిగి, కింద పల్లె పక్కన ఉన్న ఊటగుంట ఒడ్డున కూర్చున్నారు. మధ్యాహ్నం దాటింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి.

"చలో అమ్మా. బొమ్మే చేయిద్దాం."

ఆమె మోకాలి మీద చెయ్యి ఊని లేచింది. నాలుగడుగులు వేసిందో లేదో, వెనక నుంచి కేక.

"ఏ దాయీ! పానీ మా భూసా కోన్ డారిస్?"

నీళ్లకు వచ్చిన పల్లె ఆడమనిషి, నీళ్లలో ఊక పోసిందెవరని అరుస్తోంది. బిందె నిండా ఊకే! గుంట మధ్యలో పసుప్పచ్చగా ఉబికి వస్తోంది.

"మైనే! మైనే డాలా!" అంటూ కుముదిని పరుగులాంటి నడకతో నీళ్లలోకి దిగిపోయింది. తాగే నీళ్లు పాడుచేస్తావా, ఇంత వయసొచ్చి బుద్ధి లేదా అని ఆవిడ తిడుతూనే ఉంది. కుముదిని నవ్వుతూ, ముక్కు ఎగబీలుస్తూ, పమిట కొంగుతో ఊక దేవుతూనే ఉంది.

ఉదయ్ గుంట అవతలికి వెళ్లి చూసొచ్చాడు. "అమ్మా, ఇది కాలవ పట్టుకుని పొలాల్లోకి పోతోంది. సముద్రానికి కాదు."

కుముదిని వరిచేల వంక చూసింది.

"ఒళ్లంతా కాలిన మనిషికి వరిమడి కంటే చల్లటి చోటేటుందిరా? పంతులుగారికి ఫోన్ కలుపు. బొమ్మొద్దు, పిండాలు పెట్టుకుందాం అని చెప్పు."

కోపం చల్లారిన పల్లె ఆడమనిషి, నీళ్లు గుడ్డతో వడగట్టి చెంబు వంచింది. కుముదిని దోసిలి పట్టి తాగింది. మళ్లీ పట్టింది.