ముందు సీట్లో సంతోషమ్మ

వికారాబాద్ నుంచి తాండూరు పోయే తోవలో, ఊరు దాటగానే ఎడమ చేతికి ఒక రేకుల షెడ్డు. పొద్దున ఏడున్నరకు ప్రియదర్శిని దాని తాళం తీసి, ముందర నీళ్లు చల్లి, గోడకున్న చిన్న సిలువకు దండం పెట్టుకుని, పళ్లు కుట్టుకునే పుల్లల డబ్బీ తెరుస్తుంది. పళ్లు కుట్టుకోవడానికి కాదండీ. కార్ల మీద పెచ్చులేచిన చోట రంగు చుక్క పెట్టడానికి.

ఆ రోడ్డు మీద మీరెప్పుడైనా పోయారో లేదో. కంకర టిప్పర్లు, నాపరాళ్ల లారీలు పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి. ముందు పోయే టైరు కింద నుంచి ఒక్క రాయి లేచిందంటే వెనక వచ్చే కారు బానెట్ మీద టక్కున కొడుతుంది. జొన్నగింజంత రంగు లేచిపోతుంది. జొన్నగింజంతే కదా అని వదిలేస్తే రెండు వానలకు అక్కడ తుప్పు పడుతుంది, నాలుగు వానలకు ఆ తుప్పు రంగు కిందికి పాకుతుంది. ప్రియదర్శిని ఆ గింజంత జాగాను కడిగి, జిడ్డు తుడిచి, తుప్పును గరుకు కాగితం మొనతో గీకి, పుల్ల కొసతో ముందు అస్తరు చుక్క, అది ఆరినాక రంగు చుక్క, దాని మీద మెరుపు చుక్క పెడుతుంది. చుక్కకు చుక్కకు మధ్య ఆగుతుంది. ఆ ఆగడమే ఆమె విద్య.

"కుంచె కొనుక్కోరాదు?" అని ఎవరైనా అంటే, "కుంచె చుట్టుపక్కల గూడ పూస్తది అన్నా. నాకు గాయం ఒక్కటే కావాలె" అనేది.

షెడ్డు ముందర పెద్ద అక్షరాల బోర్డు ఒకటి రాసి పెట్టింది: 'టిప్పర్‌కు వంద అడుగుల దూరం పాటించండి. దేవుడు మీకు తోడుండును గాక.' ఆ బోర్డును ఒక్క డ్రైవరూ పట్టించుకునేవాడు కాదు. ఎందుకంటే వాళ్లకు సంతోషమ్మ ఉంది.

సంతోషమ్మ ప్రియదర్శిని తల్లి. తాండూరు నాపరాళ్ల గనిలో ముప్పై ఒక్క ఏళ్లు రాయి కొట్టిన మనిషి. సుత్తె ఎత్తే ముందు ప్రతి రాయి మీదా అరచెయ్యి పెట్టి, "నొప్పైతది, మన్నించు" అని చెప్పి కొట్టేది. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క రాయికీ చెప్పకుండా కొట్టలేదు. రాళ్లు ఆ మర్యాద మరిచిపోలేదు. ఆమె ముందు సీట్లో కూర్చున్న బండి మీదికి రాయి లేస్తే, అద్దం దాకా వచ్చి ఆమె ముఖం చూసి, ఒక్క క్షణం గాలిలో ఆగి, పక్కకు తప్పుకుని రోడ్డు మీద మెల్లగా దిగేది. కోడిపిల్ల గంప మీది నుంచి దిగినట్టు.

అందుకే తెల్లారితే ఆమె ఇంటి ముందర కార్లు. "పెద్దమ్మా, తాండూరు పోతున్న, జర ముందు సీట్ల కూసుంటవా?" అని బతిమాలే వాళ్లు. వచ్చేటప్పుడు ఒకరు కిలో కందిపప్పు, ఒకరు కోట్‌పల్లి చెరువు చేపలు తెచ్చిచ్చేవాళ్లు. పాస్టరుగారు కూడా సంఘం జీపులో ఆమెకు ముందు సీటు వదిలి తాను వెనక కూర్చునేవారు.

ఆ మర్యాదకు ఒక షరతు ఉందని ఆమె అందరికీ చెప్పేది. "నేను ఎన్నడు గూడ ఒక్క రాయిని ఎవల మీదికి పొమ్మనలే. అన్ననాడు మా మాట తెగుతది."

ఇప్పుడు మీరే చెప్పండి, తల్లి రాళ్లను ఆపేస్తుంటే బిడ్డకు పని ఎక్కడిది? వరుసగా మూడు రోజులు షెడ్డుకు ఒక్క బండీ రాలేదు. నాలుగో రోజు అన్నం దగ్గర ప్రియదర్శిని ఉండబట్టలేక అనేసింది.

"అమ్మా, నువ్వు అటు షికార్లు చేస్తున్నవ్, నేనిటు ఈగలు తోల్తున్న."

సంతోషమ్మ నోట్లో ముద్ద నోట్లోనే ఆగింది. మర్నాటి నుంచి ఎవరొచ్చి పిలిచినా "మోకాళ్లు నొస్తున్నయ్ కొడుకా" అని లోపలికి పోయేది. రాళ్లకు అడ్డు పోయింది. షెడ్డుకు బండ్లు వచ్చాయి.

అంతా కుదురుకుంటోంది అనుకునే సమయానికి షెడ్డు జాగా ఆసామి వచ్చాడు. అక్కడ పెట్రోల్ బంకు వస్తుందట, నెలాఖరుకు ఖాళీ చెయ్యాలట. ఖాళీ చేసి ఎక్కడికి పోవాలి? ప్రియదర్శిని ఈ పని నేర్చుకున్నది హైదరాబాద్‌లో ఒక పెద్ద వర్క్‌షాపులో. రెండేళ్లు ఆమె చేత కార్లు కడిగించారు తప్ప రంగు ముట్టనివ్వలేదు. మేస్త్రీలు చేస్తుంటే వెనక నుంచి చూసి నేర్చుకుంది. మళ్లీ అక్కడికే పోయి బకెట్టు పట్టుకోవాలి.

అప్పుడు పక్కింటి రాజేందర్ ఒక కబురు తెచ్చాడు. సొంత కారు నడుపుకునే మనిషి, ఆ రోడ్డు కబుర్లన్నీ అతని దగ్గరే ఉంటాయి. తాండూరులో ఒక రాళ్ల ఫ్యాక్టరీ ఉంది, దానికి నలభై బండ్లు. అన్నిటికీ పెచ్చులే. ఏడాది పొడుగునా వాటిని చూసుకునే మనిషి కావాలి, పని చేసుకోవడానికి గేటు పక్కన గది కూడా ఇస్తారు. బండ్ల ఇన్‌ఛార్జి మల్లేశ్వర్‌తో ప్రియదర్శిని ఫోన్‌లో మాట్లాడింది.

"ఆడపిల్ల చేతికి కంపెనీ బండ్లు ఎట్ల ఇయ్యమంటవ్ అమ్మా? బాగు చేసిన బండి ఒకటి తెచ్చి చూపియ్యి. నా కంటికి మచ్చ దొరక్కపోతే పని నీదే. వచ్చే వారం శుక్రవారం దాక చూస్త" అన్నాడతను.

రాజేందర్ తన నీలం కారు ఇచ్చాడు. బానెట్ మీద పదిహేడు పెచ్చులు. ప్రియదర్శిని వారం రోజులు వాటి మీద వంగిపోయింది. సోమవారం నాడు బయలుదేరితే ధారూరు కూడా దాటకముందే టక్, టక్, మరో రెండు. నాలుగు కొత్త పెచ్చులు! తోవలోంచే వెనక్కి తిరిగి వచ్చేశారు. మళ్లీ కడుగు, మళ్లీ గీకు, మళ్లీ చుక్క పెట్టు. గురువారం సాయంత్రానికి బానెట్ మళ్లీ అద్దమైంది. కానీ తోవ అదే తోవ, రాళ్లు అవే రాళ్లు. ప్రియదర్శిని కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతోంది. అడగడానికి నోరు రాలేదు.

"రేపు నేనొస్త" అంది సంతోషమ్మ.

"మోకాళ్ల నొప్పన్నవ్?"

"గది డ్రైవర్లకు చెప్పే నొప్పి బిడ్డా. తిను."

శుక్రవారం పొద్దున ప్రార్థన చేసుకుని ముగ్గురూ బయలుదేరారు. సంతోషమ్మ ముందు, ప్రియదర్శిని వెనక. ధారూరు దగ్గర ఒక టిప్పర్ నిండా కంకర పోసుకుని ఎదురైంది. గుంతలో పడి ఎగిరింది. దోసెడు రాళ్లు లేచాయి. లేచిన రాళ్లు లేచినట్టే అద్దం ముందు ఆగాయి, ముందు సీట్లో ముసలమ్మను చూశాయి, ఒకదాని వెనక ఒకటి పక్కకు దిగాయి.

"మంచిగున్నరా?" అని సంతోషమ్మ అద్దంలోంచి పలకరించింది. చాన్నాళ్లకు కనపడిన చుట్టాలు కదా.

ఫ్యాక్టరీ ఆవరణలో మల్లేశ్వర్ టార్చి పట్టుకుని వచ్చాడు. బానెట్ ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. అతను లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"ఒక్క మచ్చ లేదు" అన్నాడు.

"చూసిన్రా సార్!" అని రాజేందర్ ఎగిరి గంతేశాడు.

"జర ఆగు. ముందు సీట్ల ఎవరు? సంతోషమ్మ గాదా? ఆమె కూసునే బండికి పెచ్చులెక్కడియి? దెబ్బే తగలని బండి తెచ్చి బాగు చేసిన అంటే నేను నమ్మాల్నా? ఇది మీ అమ్మ పుణ్యం. నీ పనితనం ఏది?"

"సార్, నా ఫోన్ల ఫోటోలున్నయ్..."

"నీలం బండ్లు దునియల శానున్నయ్ అమ్మా."

రాజేందర్ తన కారు మీద, తన తల్లి మీద, ఆఖరికి బానెట్ మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. మల్లేశ్వర్ టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు కారు తలుపు తెరుచుకుంది. సంతోషమ్మ దిగింది.

"సార్, మీ బండి ఏది?"

"గదే, తెల్లది." కొత్త బండి. మొన్ననే అనంతగిరి పద్మనాభస్వామి దగ్గర పూజ చేయించాడు, ముందర పసుపు కుంకుమ ఇంకా చెరగలేదు.

"దెబ్బ మీ కండ్ల ముందర తగిలితే, దాన్ని నా బిడ్డ మీ కండ్ల ముందర మాన్పితే, అప్పుడు నమ్ముతరా?"

మల్లేశ్వర్ నవ్వాడు. "అప్పుడెందుకు నమ్మ?"

తల్లి ఏం చెయ్యబోతుందో ప్రియదర్శినికి అర్థమైంది. పరుగెత్తుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా! నీ మాట పోతది. నేను హైదరాబాద్ పోయి బకెట్టే పట్టుకుంట. వద్దు."

"ముప్పై ఒక్క ఏండ్లు రాళ్లకు మర్యాద చేసిన బిడ్డా. నీకెప్పుడు చేసిన?" అని సంతోషమ్మ మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

ముందు ఆమె తెల్ల కారు దగ్గరికి పోయింది. బానెట్ మీద అరచెయ్యి పెట్టి, "నొప్పైతది, మన్నించు" అంది. తర్వాత ఆవరణ మూలన ఉన్న కంకర కుప్ప వైపు తిరిగి, "ఒక్కరు రండి" అంది.

కుప్ప కొసన ఉన్న చిన్న రాయి ఒకటి లేచింది. ఆమె ముఖం ముందుకు వచ్చి ఆగింది. నిజంగానే అంటున్నావా అని అడిగినట్టు అక్కడే చాలాసేపు నిలబడింది.

"పో" అంది సంతోషమ్మ.

టక్.

"అయ్యో నా బండి!" అన్నాడు మల్లేశ్వర్.

కుంకుమ బొట్టుకు జానెడు దూరంలో జొన్నగింజంత గాయం. సంతోషమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని చెట్టు కింద నీడకు పోయి కూర్చుంది.

ప్రియదర్శిని కళ్లు తుడుచుకుంది. తలుపు పక్కన అతికించిన చీటీలో రంగు నంబరు చూసింది. రాజేందర్ కారు వెనక నుంచి తన రంగు సీసాల సంచి తీసింది, పుల్లల డబ్బీ తెరిచింది.

"తెలుపే గద, అలకనే" అన్నాడు మల్లేశ్వర్, కొంచెం తేరుకుని.

"తెలుపే కష్టం సార్. పాల తెలుపు వేరు, సున్నం తెలుపు వేరు, మీ బండిది మల్లెపువ్వు వాడకముందరి తెలుపు."

కడిగింది. తుడిచింది. అస్తరు చుక్క పెట్టి ఆగింది. రంగు చుక్క పెట్టి ఆగింది. దాని మీద మరొక చుక్క, పల్చగా. ఎండ నడినెత్తికి వచ్చింది, పడమటికి వాలింది. డ్రైవర్లు చుట్టూ చేరారు. నాలుగు గంటలకు మెరుపు చుక్క ఆరింది.

మల్లేశ్వర్ చాయ్ గ్లాసు పట్టుకుని వంగాడు. చూశాడు. గ్లాసు కింద పెట్టి టార్చి తీశాడు. "ఏడ తగిలింది?" అని డ్రైవర్లను అడిగాడు. తలా ఒక చోటు చూపించారు. వాళ్లలో వాళ్లకే కొట్లాట అయింది. చివరికి అతను కళ్లు మూసుకుని వేలితో తడిమి పట్టుకున్నాడు.

"దొరికింది!"

"చేతికి తగుల్తది సార్, కంటికి తగలది" అంది ప్రియదర్శిని. "వారం ఆరనిచ్చి పాలిష్ పట్టిస్తే చేతికి గూడ తగలది."

మల్లేశ్వర్ కాసేపు ఆ వేలునే చూసుకున్నాడు. జేబులోంచి గేటు పక్క గది తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "సోమవారం నుంచి నలభై బండ్లు. కాదు, నాదాంతోని నలభై ఒకటి." డ్రైవర్లు కొట్టిన చప్పట్లకు చెట్టు మీది కాకులు లేచిపోయాయి. రాజేందర్ హారన్ మీది నుంచి చెయ్యి తీస్తే ఒట్టు. దేవుడు ఒక్కో మనిషికి ఒక్కో నాడు రాసి పెడతాడంటారు. ప్రియదర్శిని నాడు అది.

తిరుగు ప్రయాణంలో సంతోషమ్మ మళ్లీ ముందు సీట్లోనే కూర్చుంది. ధారూరు దగ్గర టిప్పర్ ఒకటి ముందర పోతోంది. గుంతలో ఎగిరింది. ఒక రాయి లేచింది. నేరుగా వచ్చింది. ఆగలేదు.

టక్.

బానెట్ మీద, సరిగ్గా ఆమె ఎదుట, జొన్నగింజంత గాయం. ప్రియదర్శిని వెనక నుంచి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. ఆ భుజం కదులుతోంది. ఏడుస్తుందనుకుని ముందుకు వంగి చూస్తే, సంతోషమ్మ నవ్వుతోంది. కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వుతోంది.

"బిడ్డా, నీ బోర్డు మీద ఏం రాసినవ్?"

"వంద అడుగుల దూరం అని, అమ్మా."

"విన్నవా రాజేందర్? దూరం పట్టు. ఇగ నేను గూడ అందరసొంటి ముసల్దాన్నే." ఆమె వెనక్కి తిరిగి చెయ్యి చాచింది. "గా పుల్లల డబ్బీ ఇటియ్యి. చుక్క ఎట్ల పెడ్తరో నాకు గూడ నేర్పు. నలభై ఒక్క బండ్లాయె, ఒక్కదానివి ఎట్ల చేస్తవ్?"