మగవాళ్ళెవరినైనా చూడమనండి

భర్త చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుండగా ఆ మాట ఆమె చెవిన పడింది.

"మీ కంపెనీ కార్లు వెనక్కి పిలిపిస్తున్నారట. టైర్లో గాలి తగ్గినా హెచ్చరిక దీపం వెలగదట. సెన్సర్లలోనే లోపమట," అన్నాడు భర్త ఫోన్లోంచి తలెత్తకుండా. ఆమె చెయ్యి ఆగిపోయింది. "చొక్కా మాడిపోతుంది, చూసుకో," అన్నాడు.

ఆమెది ఆ కార్ల కంపెనీలోనే ఉద్యోగం, ఫోన్లో ఫిర్యాదులు రాసుకోవడం. ఆఫీసుకెళ్ళే దారి పొడుగునా ఆమెకు ఒక టీచరు గొంతే వినిపించింది. నాలుగు నెలల కిందట ఆ టీచరు ఫోన్ చేసి, టైరు మెత్తబడ్డా దీపం వెలగడం లేదనీ, రోజూ ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని వెళ్తాననీ, భయంగా ఉందనీ చెప్పింది. ఆ ఫోన్ వచ్చిన రోజు పొద్దున్నే ఇంట్లో గ్యాస్ వాసన వస్తోందని ఈమె అంటే భర్త నవ్వాడు. "మీ ఆడవాళ్ళకి అన్నీ అనుమానాలే." అత్తగారు అందుకుంది. "మా రోజుల్లో ఇన్ని భయాలు లేవమ్మా." ఆ మాటలు దిగమింగి, రెండు క్యారియర్లు కట్టి, బస్సులో నిలబడి ఆఫీసుకొచ్చింది. పదకొండింటికల్లా అవే మాటలు, కాస్త తేనె పూసి, టీచరుకు అప్పజెప్పింది. "కంగారు పడకండి మేడమ్. ఇంట్లో మగవాళ్ళెవరినైనా ఒకసారి చూడమనండి." "మా ఆయన కూడా నా భ్రమే అంటున్నార్లెండి," అని టీచరు ఫోన్ పెట్టేసింది.

ఆఫీసులో మేనేజరు ఆ కార్లు కొన్నవాళ్ళ జాబితా, ఫోన్లో చదవాల్సిన కాగితం పంచాడు. "అందరికీ ఫోన్ చేసి సర్వీసుకి రమ్మనండి. ముందు జాగ్రత్త కోసమనే చెప్పాలి. తప్పు, క్షమించండి లాంటి మాటలు నోట రాకూడదు."

ఏడో పేరు టీచరుదే. నంబరు కొట్టగానే తెర మీద పాత ఫిర్యాదు తెరుచుకుంది. కింద తను టైపు చేసిన వాక్యం: 'లోపం లేదు. నడిపే ఆవిడకు అవగాహన తక్కువ.' ఎవరో వెనక నిలబడి చదువుతున్నట్టు ఆమె అరచేత్తో తెరను కప్పింది.

ఫోన్ ఎత్తింది టీచరు భర్త. "కారా? ఆవిడకిప్పుడు తాళాలివ్వట్లేదండీ. పోయిన నెల టైరు పేలితే గోడకి గుద్దింది. చెయ్యి విరిగింది. పిల్లలు లేరు కాబట్టి సరిపోయింది. నడపడం చేతకాదని మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నా." ఫోన్ని ఆమె ఒకసారి మేడమ్‌కి ఇవ్వమంది.

కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివింది. టీచరు అంతా విని, నెమ్మదిగా అడిగింది.

"అప్పుడు నాతో మాట్లాడింది మీరే కదూ?"

"కాదండీ. వేరే వాళ్ళయి ఉంటారు," అనేసి ఫోన్ పెట్టేసింది.

బాత్రూములోకి వెళ్ళి ముఖం కడుక్కుంది. అద్దంలోకి చూడలేకపోయింది. తనను ఇన్నేళ్ళుగా ఎవరూ నమ్మలేదని ఏడ్చేది కదా, నమ్మాల్సిన చోట తను చేసిందేమిటి? టీచరును ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. మర్యాదగా, మేడమ్ అంటూ, అబద్ధాలకోరును చేశారు. అందులో తన చెయ్యీ ఉంది.

తిరిగొచ్చి తన సీట్లో కూర్చుని మళ్ళీ ఆ నంబరే కొట్టింది. ఈసారి టీచరే ఎత్తింది.

"ఇందాక అబద్ధం చెప్పానండీ. ఆ రోజు మాట్లాడింది నేనే. మీరు చెప్పింది నిజం. లోపం కారుది. మీ డ్రైవింగుది కాదు. నేను తప్పు రాశాను, క్షమించండి. ఆ సంగతి రాతపూర్వకంగా కూడా పంపిస్తాను."

పక్క సీట్లో టైపింగు ఆగింది. మేనేజరు అద్దాల గదిలోంచి తలెత్తి చూశాడు.

అవతల టీచరు అంది: "ఒక్క నిమిషం, స్పీకరు పెడుతున్నాను. మా ఆయన ఇక్కడే ఉన్నారు. ఇప్పుడన్నదంతా ఇంకోసారి చెప్పండి."

ఆమె లేచి నిలబడింది. ఆఫీసంతటికీ వినపడేలా మళ్ళీ మొదట్నించీ చెప్పింది.