రెండు నిమిషాల గొంతు

బస్టాపుల్లో పెట్టెలు పెట్టాలన్నది మా నలుగురు స్నేహితుల ఆలోచన. మీట నొక్కితే ఎండలో పనిచేసే మనిషి గొంతు రెండు నిమిషాలు వినిపిస్తుంది. భూమి వేడెక్కుతోందని లెక్కలు చెబితే ఎవరూ ఆగరు, మనిషి చెబితే ఆగుతారని మా నమ్మకం.

మొదటి గొంతు నాన్నదే. రోడ్లకు తారు పోస్తాడు. భోజనాల వేళ రోడ్డురోలరు నీడలో కూర్చోబెట్టి ఫోను పట్టాను.

“ఎండగా ఉందని నేను చెప్పాలా? బయటికొస్తే తెలీదూ?”

“అదే చెప్పు నాన్నా.”

“రొట్టెనైనా ఒకవైపు కాలాక తిరగేస్తారు. మాకా బాధ లేదే. పైనా కిందా ఒకేసారి.”

నవ్వాడు. ఆ రెండు ముక్కలకే నాలుగుసార్లు ఆగాడు.

రికార్డింగు ఏడు నిమిషాలు వచ్చింది. మాలో ఎడిటింగు చేసేవాణ్ణి కత్తెర అని పిలుస్తాం. వాడు విని, “మాటలు రెండు నిమిషాలే. మిగతాదంతా ఆయాసం, నాయిస్,” అన్నాడు.

“తీసేద్దాం. నాన్న మాట శుభ్రంగా వినపడాలి. ఎవరూ వెక్కిరించకూడదు.”

వాడు చూపించాడు, నేనే కూర్చుని తీశాను. తెర మీద ఒక్కో ఊపిరీ చిన్న గుట్టలా కనిపించేది. నూటికి పైగా తీశాను. ఫోను నిండిపోయిందని అసలు రికార్డింగునూ చెరిపేశాను.

పదకొండో రోజు నాన్న రోడ్డు మీదే పడిపోయాడు.

“ఈ ఆయాసం ఎప్పట్నుంచి?” అని డాక్టరమ్మ అడిగింది.

“ఇంట్లో ఏమీ లేదండీ. వచ్చీరాగానే పడుకునేవాడు,” అంది అమ్మ.

నాకు తెలుసు. గుట్టగుట్టగా తెలుసు. “పదకొండు రోజులైనా అయ్యుంటుంది,” అన్నాను.

“అప్పుడే తీసుకురావాల్సిందమ్మా.” ఆవిడ గొంతులో కోపం కూడా లేదు.

మూడో రోజు నాన్న పోయాడు.

నెల తర్వాత మావాళ్లు బస్టాపులో పెట్టె పెట్టారు. ఆయన గొంతు వింటానని అమ్మ పట్టుబట్టింది. మీట నొక్కింది. రొట్టె మాటకు బస్సు కోసం నిలబడ్డవాళ్లు నవ్వారు. అమ్మ నవ్వలేదు. మళ్లీ నొక్కింది.

“ఊపిరి కూడా తీసుకోకుండా మాట్లాడుతున్నాడేంటే?”

“నేనే తీసేశానమ్మా.”

“ఏం తీసేశావ్?”

బస్సు వచ్చింది. అందరూ ఎక్కి వెళ్లిపోయాక చెప్పాను.

అమ్మ పెట్టెకు చెవి ఆనించి మూడోసారి మీట నొక్కింది. మాటకూ మాటకూ మధ్య ఏమైనా మిగిలిందేమోనని వెతుకుతూ అలాగే నిలబడింది.