టెరెల్ బూన్ ఇంకా పరుగెడుతూనే ఉన్నాడు

లీలాండ్ వ్రాబెక్ పొద్దున్నే తన పళ్ళాసుపత్రి తలుపు తీస్తుంటే, చంకలో బంతితో టెరెల్ బూన్ వీధిలో పరుగెత్తుకుంటూ వెళ్ళాడు. చెత్త లారీ పక్కకు తప్పుకుంది. బేకరీ ఆవిడ చెయ్యి చాచి అతని నోటికి డోనట్ అందించింది. రోజూ ఉండేదే కదా, ఎవరూ వింతగా చూడలేదు.

వారమంతా పళ్ళు పీకే లీలాండ్, ఆదివారాలు పెద్ద అమెరికన్ ఫుట్‌బాల్ పోటీల్లో, అదే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆటలో, రిఫరీ. మొన్న జనవరిలో సెమీఫైనల్ ఆఖరి నిమిషంలో, ఎదుటివాడి చేతిలోంచి జారిన బంతి అందుకుని టెరెల్ పరుగు లంకించుకున్నాడు. మైదానం చివరి గీత దాటితే గెలుపే. కానీ లీలాండ్ అప్పటికే ఈల ఊదేశాడు. ఈల పడితే ఆట ఆగినట్టే, ఆ తర్వాత ఎంత పరుగెత్తినా లెక్కలోకి రాదు. టెరెల్ జట్టు ఓడింది. "బంతి జారకముందే ఆ ఎదుటివాడి మోకాలు నేలకి ఆనింది, నా కళ్ళతో చూశా. మోకాలు ఆనితే ఆట అక్కడితో ఆగినట్టే" అన్నాడు లీలాండ్.

టెరెల్ మాత్రం ఆగలేదు. గీత దాటి, మైదానం దాటి, రెండు రాష్ట్రాలు దాటొచ్చి లీలాండ్ వీధిలో పడ్డాడు. అప్పట్నుంచీ ఇక్కడే తిరుగుతున్నాడు.

కుర్చీలో నోరు తెరుచుకున్నంతసేపూ రోగులు ఏమీ అనలేరు. పుక్కిలించి ఉమ్మాక మొదలెట్టేవాళ్ళు. "ఈ పన్నయినా చూసి పీకారా, డాక్టర్?"

టెరెల్ భార్య ఒడెస్సా ఎదురింట్లో అద్దెకు దిగింది. మార్చిలో కూతురు పుట్టింది. టెరెల్ ఆగలేడు, బంతి వదల్లేడు. వెళ్తూ వెళ్తూ మెడ తిప్పి చూసుకుంటాడంతే.

ఆ రోజు ఒడెస్సా పాపను ఎత్తుకుని లోపలికొచ్చింది. కుర్చీలో కూర్చుంది గానీ నోరు చూపించలేదు.

"నిన్న ఇది మొదటిసారి బోర్లా పడింది. టెరెల్ అప్పటికే మలుపు తిరిగిపోయాడు" అంది. "నిజం చెప్పండి డాక్టర్. ఆ మోకాలు మీరు చూశారా?"

లీలాండ్ తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచాడు.

"లేదమ్మా. మనుషులు అడ్డమొచ్చారు. బంతి పట్టుకున్నవాడు పడ్డాడు కదా, మోకాలు ఆని ఉంటుందిలే అని ఊదేశా. ఆ తర్వాత చూస్తే బంతి టెరెల్ చేతిలో ఉంది. ఇన్నేళ్ళ పేరు పోతుందని అబద్ధమాడా."

"నాతో అంటే ఏం లాభం? తనతో అనండి."

"అన్నా ఫలితం మారదమ్మా."

"ఫలితం ఎవరిక్కావాలండీ! మనిషి ఆగితే చాలు నాకు."

నిజం ఒప్పుకుంటే ఇక తనకి మళ్ళీ ఈల ఇవ్వరని లీలాండ్‌కి తెలుసు. అయినా తెల్లకోటుతోనే నడివీధిలోకెళ్ళి, గీత దాటినవాడికి రిఫరీ చూపించే సైగ చేశాడు. రెండు చేతులూ నిటారుగా ఆకాశంలోకి లేపాడు.

"మోకాలు ఆనడం నేను చూళ్ళేదు!" వీధంతా వినపడేలా అరిచాడు. "తప్పు నాది. బంతి నీదే, టెరెల్!"

టెరెల్ వేగం తగ్గింది. రొప్పుతూ వచ్చి అతని ముందు ఆగాడు. బంతి పట్టుకున్న వేళ్ళు కొయ్యబారిపోయి విడిరాలేదు. లీలాండే ఒక్కోటీ మెల్లగా విప్పి బంతి తీసుకున్నాడు. ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డ టెరెల్ ఒళ్ళో ఒడెస్సా పాపను పెట్టింది. అతను పాపను రెండు చేతులతో గుండెకి అదుముకున్నాడు.

"మెల్లిగా, టెరెల్" అంది ఒడెస్సా, ఏడుస్తూనే నవ్వుతూ. "నీ దగ్గర్నుంచి దాన్ని ఎవరూ లాక్కోరు."