బొమ్మలో ఆమె పక్కన ఎవరూ లేరు

రాజనర్సు మస్కట్ నుంచి పంపిన పార్సిల్‌లో ఈసారి సబ్బులు, బాదంపప్పుతోపాటు బీపీ మిషన్ కూడా వచ్చింది. పెండ్లాం మీద ఇంత ప్రేమ ఉన్న మనిషి కోరుట్ల మొత్తంలో లేడని వాడకట్టు మెచ్చుకుంది. ఆ ప్రేమ వెనక సంగతి స్వరూపకు మాత్రమే తెలుసు.

సిరిసిల్లలో బట్టలు కుట్టే కంపెనీలో ఆమెకు పని దొరికింది. ఉండటానికి చెల్లెలి ఇల్లుంది. వద్దంటే పాతకాలపు మొగడంటారని రాజనర్సు వద్దనలేదు. బీపీ కొంచెం ఎక్కువున్నట్టుంది, వారం రోజులు ఇంట్లో చూసుకొని వస్తే గోలీ సంగతి ఆలోచిద్దామని డాక్టరు అన్న మాటను మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. పై అంకె నూట నలభై లోపలుంటే సిరిసిల్ల, దాటితే ఇంట్లో కూర్చుని బీడీలు, ఇదీ ఆయన షరతు. బీడీలు చుట్టడానికి బీపీ అడ్డం రాదట.

చూసేది కూడా తన కండ్లముందే చూడాలన్నాడు. రోజూ పొద్దున బిడ్డ నవత వీడియో కాల్ కలిపి ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించేది. స్వరూప బీడీల చాట పక్కకు జరిపి, చాయ్ చివరి గుక్క మింగి, గడప దగ్గర గొంతుక్కూర్చుని జాకెట్ చేతిమీదనే పట్టీ చుట్టుకునేది. మిషన్ బుస్సుమనడమే ఆలస్యం, మస్కట్ నుంచి విచారణ మొదలయ్యేది. గ్యాస్ అప్పుడే ఎట్ల అయిపోయింది? నిన్న ఫోన్ ఎందుకు బిజీ వచ్చింది? మరిది ట్రాక్టర్ మన వాకిట్లో ఎందుకున్నది? ఆమె ఒక్కొక్కదానికి జవాబు చెప్తుండగా మిషన్ తన జవాబు చెప్పేది. నూట అరవై రెండు.

"సూసినవా? ఉప్పు తగ్గియ్యమంటే ఇనవు," అని మళ్లీ చూడమనేవాడు. ఈసారి నూట డెబ్బై.

తనకు బీపీ ఉందో లేదో ఆయన ఎన్నడూ చూసుకోలేదు. పరీక్ష పెట్టేవాడికి పరీక్ష ఉండదు గదా.

ఒకనాడు నవత మిషన్ డబ్బా అడుగున మడిచిన కాగితం బయటికి తీసింది. అందులోని అరబ్బీ ఇంట్లో ఎవరికీ రాదు. బొమ్మ అందరికీ వస్తుంది. ఒకామె కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు పెట్టి, బట్ట లేని చేతిని గుండె ఎత్తున బల్లమీద చాపుకొని, నోరు మూసుకొని కూర్చుంది.

స్వరూప ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

"గీమె పక్కపొంటి ఎవలు లేరు," అన్నది.

"మాట్లాడొద్దట అమ్మా. ముందుగాల ఐదు నిమిషాలు ఉత్తగ కూసోవాల్నట. అరగంట ముంగట చాయ్ గూడ తాగొద్దట," కింద ఉన్న ఇంగ్లీషు చదివి చెప్పింది నవత.

పెండ్లయినకాడి నుంచి స్వరూపను ఉత్తగా కూర్చొమ్మన్నది ఆ కాగితం ఒక్కటే.

తెల్లారి ఫోన్ బందు పెట్టి, చాయ్ మానేసి, బొమ్మలో ఆమెలాగే కూర్చుంది. నూట ఇరవై ఎనిమిది. నిమిషం ఆగి మళ్లీ చూస్తే నూట ఇరవై ఆరు. ఫొటో తీసి మస్కట్‌కు పంపారు. పట్టీలో నవత తన చెయ్యి పెట్టిందనీ, ఇద్దరూ కలిసి మోసం చేస్తున్నారనీ, రేపు తన ముందే చూడాలనీ అక్కడి నుంచి తీర్పు వచ్చింది.

మరునాడు నవత ఫోన్‌లో బాపుకు నియమాలన్నీ చెప్పింది. సరేనన్నాడు. స్వరూప కుర్చీలో కుదురుకొని, కాసేపాగి మీట నొక్కగానే, అవునుగానీ ఆ ట్రాక్టర్, అని ఎత్తుకున్నాడు. నవత చప్పుడు చేయకుండా ఫోన్ సౌండ్ మొత్తం తగ్గించింది. తెరమీద రాజనర్సు పెదవులు ఆడుతూనే ఉన్నాయి. స్వరూప కండ్లు మూసుకుంది.

నూట ఇరవై ఏడు. నవత మిషన్‌ను ఫోన్ ముందు పెట్టింది. పెదవులు ఆగిపోయాయి.

సరిగ్గా కూర్చుని చూసినవే లెక్కలోకి వస్తాయని, గోలీ ఇప్పుడే అవసరం లేదని, ఇట్లాగే చూసుకుంటూ నెలకు మళ్లీ రమ్మని డాక్టరు చెప్పాడు. సిరిసిల్ల సంచిలో స్వరూప అన్నిటికంటే ముందు మిషన్‌ను సర్దింది.

అక్కడ మొదటి రోజు పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుందో లేదో ఫోన్ మోగింది. ఎవరితో పోయినవ్, ఎవరితో వచ్చినవ్ అని మొదలైంది.

"బీపీ సూసుకుంటున్న. మాట్లాడొద్దట," అని పెట్టేసింది.

మిషన్ సంచిలోనే ఉంది.