దారం కట్టిన బంతి

అంట్లు కడిగిన నీళ్లు బంతిపాదుల్లో పోస్తుంటే మా అత్త సంతోషమ్మ ఊరుకునేది కాదు. "నీళ్లకు ఊరంతా అల్లాడతాంటే పూలకు పోస్తాండావా?" అనేది. అంట్లనీళ్లు ఆమె తాగుతుందా, స్నానం చేస్తుందా? ఆరేళ్లు ఆ మాట పడ్డాను.

ఆరేళ్ల కిందట అవి ఒంటిరేక బంతులు. ఎర్రగా, బక్కగా ఉండేవి. ఒక్క చెట్టు పూలకు మాత్రం రేకు అంచున పసుపుగీత కనబడింది. దాని విత్తనమే దాచి చల్లాను. ఆ పైన ఏటా రేకులు ఎక్కువున్న చెట్లు ఉంచుకుని, తక్కినవి మొదటి పువ్వు విచ్చగానే పీకి పెంటదిబ్బ మీద పారేసేదాన్ని. "పూసే చెట్లు పీకుతాండాది, ఏం చెయ్యో ఇది" అని అత్త. "పనిలేనిదానా" అని మా ఆయన జ్ఞానరాజు. ఆయన మిషను బడిలో పంతులు. ఇంటెడు చాకిరీ చేసి, రోజుకు ఇరవై కడవలు మోసే నేను పనిలేనిదాన్ని! ఈ ఏడు మాత్రం పిడికిలంత ముద్ద పూసింది, ప్రతి రేకుకూ పసుపంచుతో. బాగున్న ఏడు పూలు విత్తనానికి ఉంచి, ఎవరూ కోయకుండా పాతచీర దారం కట్టాను.

చర్చిలో కోతపండుగకు పూలు కావాలని ఆయన దారం కట్టినవే కోసుకుపోయాడు. గుత్తి కట్టడానికి దారం సిద్ధంగా పెట్టాననుకున్నాడట. మిషను నడిపే తెల్లదొర ఆ పూలు చేత్తో పట్టుకుని, ఇవి ఎవరు పెంచారని అడిగాడు. నేను ఆడవాళ్ల వరుసలో కూర్చునే ఉన్నాను.

"నేనే అయ్యా. ఆరేండ్లు ఏరి ఏరి ఈ రూపానికి తెచ్చినా" అన్నాడు మా ఆయన.

దొర దానికి జ్ఞానరాజు బంతి అని పేరు పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆ మనిషిని చూస్తే ఒళ్లంతా అసహ్యం పుట్టింది, దాచేదేముంది.

నెల తర్వాత నా దగ్గరికి వచ్చాడు. "ఏమే, దొర పది మిషను బళ్లకు విత్తనం అడిగినాడు. యాడ పెట్టినావు?"

"నువ్వు పెంచినవే కదా, నీకు తెల్దా?"

"ఎగతాళి చాలు. ఇయ్యి."

ఇచ్చాను. స్నానాల గది వెనక ఆయన కంటపడని దారం పువ్వు ఒకటి మిగిలింది. దాని విత్తనం నా ట్రంకుపెట్టెలో, పెళ్లిచీర మడతలో ఉంది. ఆయనకిచ్చింది పెంటదిబ్బ మీద వేరు పట్టి బతికిన ఒంటిరేక చెట్లది. ఎండిన బంతివిత్తనం ఏదైనా చూడ్డానికి ఒక్కటే. వచ్చే ఏడు పది బళ్లలోనూ జ్ఞానరాజు బంతి పూస్తుంది, ఎర్రగా, బక్కగా.

పొట్లాల మీద పేరు పెద్దక్షరాలతో రాసుకొమ్మని నేనే చెప్పాను.