ఆకుపచ్చ గీత, ఎర్ర గీత

"కాఫీ ఇచ్చి, అట్లే ఆ ప్లేట్లకు గీతలు కూడా గీసిపో. ఖాళీగానే ఉండావు గదా" అన్నారు మా ఆయన రఘునాథ్.

ఆదోనిలో మా ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు నేనెప్పుడూ ఖాళీగా ఉండే మనిషినే. వంట, గిన్నెలు అయ్యాక వచ్చి ఉక్కు ప్లేట్లను రకాలవారీగా విడదీస్తాను. ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా ఇంట్లో ఇంజనీరింగ్ చదివిన మొదటిదాన్ని నేను. ఇక్కడ నాకు జీతం లేదు. "ఇంటి మనిషికి జీతమేందమ్మా, ఎవురన్నా వింటే నవ్వుతారు" అని అత్తమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

చూపుకు ఉక్కంతా ఒకటే. మామూలు కార్బన్ ఉక్కును నేరుగా వెల్డు చేయవచ్చు. క్రోమియం కలిసినదాన్ని ముందు వేడి చేయాలి, తగిన వెల్డింగ్ రాడ్ వాడాలి, మెల్లగా చల్లారనివ్వాలి. లేకపోతే అతుకు పక్కన కంటికి కనబడని పగులు పడుతుంది. ట్యాంకు లోపల ఆవిరి ఒత్తిడి పెరిగినప్పుడు ఆ పగులే విచ్చుకుంటుంది. అందుకే మొదటి రకానికి ఆకుపచ్చ గీత, రెండోదానికి ఎర్ర గీత. ప్లేటు కోసే ముందు ఆ గీతను మిగిలే ముక్క మీదికి కూడా దించాలి. ఈ షెడ్డులో నేను పెట్టిన నియమం అదొక్కటే.

ఆ రోజు తొందరలో మా ఆయన గీత ఉన్న అంచునే ముందు కోయించారు. మిగిలిన ముక్క ఏ రకమో చెప్పే గుర్తు పోయింది. ఎమ్మిగనూరు నూనె మిల్లుకు చేస్తున్న ప్రెషర్ వెసెల్‌కు, అంటే ఆవిరి ఒత్తిడిని తట్టుకోవాల్సిన ట్యాంకుకు, దాన్నే మూతగా అమర్చి వెల్డింగుకు సిద్ధం చేశారు. ఆ ముక్కకు గ్రైండర్ ఆనించి, లేచే నిప్పురవ్వలను చూశాను. మామూలు ఉక్కు రవ్వల్లా అవి చిట్లలేదు.

"అనుమానంగా ఉంది. ల్యాబ్‌కు పంపి తేల్చుకుందాం" అన్నాను.

"రవ్వలు సూసి జాతకం సెప్తాండావా? రేపు లారీ ఎక్కాల ఇది. గోవిందన్నా, నువ్వు కానీ."

వెల్డర్ గోవిందన్న మా ఇద్దరినీ చూశాడు. "ఎవురి మాట ఇనాలప్పా నేను?"

"ఇంట్లో ఆయమ్మ పెట్టిందే తింటాండాను గదా, ఈడన్నా నా మాట సాగనీ."

నాకు కోపం రాలేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే అది నా తప్పు, అతుకు బాగా కుదిరితే ఆ పేరు ఆయనది. ఆ పద్ధతికి అలవాటు పడ్డాను. నేను ఆలోచించింది తిరుపాల్ గురించి. ఆ మిల్లులో రోజంతా వెసెల్ పక్కనే నిలబడి వాల్వు తిప్పేది అతనే. కొలతలకు పోయినప్పుడు, "మీరు చేసేది పేలదు గదమ్మా?" అని అడిగాడు. పేలదన్నాను.

మిల్లు యజమాని చంద్రమౌళికి ఫోన్ చేశాను. "సార్, వెసెల్ రేపు రాదు. ఒక ముక్క ఏ రకం ఉక్కో తేలలేదు."

"ఎవరమ్మా నువ్వు? రఘునాథ్ లేడా?"

"పక్కనే ఉన్నారు సార్. ఉక్కు ఎంచేది నేను."

"ఆలస్యమైతే ఆర్డరు వేరేవాళ్లకిస్తా, చెప్తాండా."

"ఇవ్వండి సార్. వాళ్లను కూడా ముక్క ముక్కకూ గుర్తు అడగండి."

ఫోన్ పెట్టేసేసరికి మా ఆయన ముఖం కందిపోయి ఉంది. నేను గోవిందన్న వైపు తిరిగాను.

"ల్యాబ్ నుంచి తెలిసినాక నేనే చెప్తా. అంతవరకూ ఎవరు చెప్పినా అంటించొద్దన్నా."

"ఎవురు చెప్పినానా, వదినా?"

"ఎవరు చెప్పినా."

గోవిందన్న రాడ్ తీసేసి, హోల్డర్‌ను కింద పెట్టాడు.